కాళ్ళ మంటకూ మనసు దిగులుకూ ఒకే మాత్ర

చోడవరం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా ముందు వున్నది. పేరు ప్రకటించవద్దని కోరారు. ప్రకటించను. కాని ఆ ఉత్తరంలోని సంగతి ఒక్క ఇంటిది కాదు. చాలా ఇళ్ళలో గుట్టుగా నడుస్తున్నదే. అందుచేత ఈసారి మిగిలిన ఉత్తరాలను పక్కన పెట్టి, ఈ శీర్షిక మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ఉత్తరం సారాంశం ఇది. వారిది ఉమ్మడి కుటుంబం. అత్తగారికి అరవై రెండేళ్ళు. ఎన్నో ఏళ్ళుగా చక్కెర వ్యాధి. రాత్రి పక్క మీద వాలితే చాలు, అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు మండుతాయి. విశాఖపట్నం తీసుకువెళ్ళి చూపిస్తే, రాత్రిపూట వేసుకోమని ‘అమిట్రిప్టిలిన్’ అనే మాత్ర 10 మిల్లీగ్రాములది రాశారు. మంట సగానికి సగం తగ్గింది. ఇక ఆడపడుచుకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ పూర్తి చేసింది. ఏడాదిగా ఎవరితోనూ మాట్లాడదు, సరిగా తినదు, తెల్లవారు జామున మూడు గంటలకే లేచి గోడవంక చూస్తూ కూర్చుంటుంది. ఆమెను మరో డాక్టరుకు చూపించారు. మొదట ఇచ్చిన మందు పడలేదు. తరువాత అమిట్రిప్టిలిన్ మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచి, 75 మిల్లీగ్రాములకు తెచ్చారు. ఇప్పటికి మూడు వారాలైంది.

అత్తగారి మాత్రలు వంటింటి అలమారలో అందరికీ కనబడేటట్టు వుంటాయి. ఆడపడుచు మాత్రలు మాత్రం దిండు గలేబులో వుంటాయి. సంబంధాలు చూస్తున్నారు. అమ్మాయి పిచ్చిమందు మింగుతోందని ఊళ్ళో పొక్కితే ఎవరు చేసుకుంటారని పెద్దావిడ భయం. ఈలోగా ఆ సోదరి భర్త సెల్‌ఫోనులో వెతికి, రెండు అట్టల మీదా వున్నది ఒకే మందు పేరని కనిపెట్టారు. ఇక ఇంట్లో పెద్ద రభస. “అయితే నాకూ పిచ్చిమందే ఇచ్చారా?” అని అత్తగారు మానేశారు. కాళ్ళ మంట మళ్ళీ మొదటికి వచ్చింది. “అమ్మే మానేసినప్పుడు నాకు మాత్రం ఎందుకు?” అని అమ్మాయి కూడా మానేస్తానంటోంది. ఇంట్లో రెండున్నరేళ్ళ బాబు వున్నాడు. వాడు మధ్యాహ్నం మేనత్త మంచం మీదే పడుకుంటాడు.

ఉత్తరంలో అడిగిన ప్రశ్నలు నాలుగు. ఇది పిచ్చిమందేనా? ఒకే మందు రెండు జబ్బులకు ఎలా పనిచేస్తుంది? ఎన్నాళ్ళు మింగాలి? పెళ్ళివారికి చెప్పాలా, వద్దా? ఆమె అడగని ప్రశ్న ఇంకొకటి వున్నది. దానికి ముందు జవాబు చెప్పాలి.

సోదరీ, చదవడం ఇక్కడ ఆపి, ముందు ఆ దిండు గలేబులోని మాత్రలు తీసి తాళం వేసే పెట్టెలో పెట్టండి. వంటింటి అలమారలోవి కూడా అందులోనే పెట్టండి. తాళంచెవి మీ దగ్గరో, మీవారి దగ్గరో వుండాలి. ఎందుకంటే ఈ మందు కొలతలో వున్నంతసేపు ఎంత మేలు చేస్తుందో, కొలత మీరితే అంత ప్రమాదం. పెద్దవారైనా పది రోజుల మాత్రలు ఒక్కసారిగా మింగితే ప్రాణానికే ముప్పు రావచ్చు. పన్నెండు కిలోల పిల్లవాడికి 75 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు, ఆసుపత్రికి పరుగెత్తడానికి. పైగా వీటికి రంగు పూత వుంటుంది. పసివాడి కంటికి పిప్పరమెంటు బిళ్ళకూ దీనికీ తేడా తెలియదు.

ఒకవేళ పిల్లవాడు మింగాడని అనుమానం వచ్చినా సరే, ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నం చెయ్యకండి. మగత కమ్ముతున్న పిల్లవాడు కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ మాత్రల అట్ట చేతపట్టుకుని 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి చేరండి. అట్ట చూస్తే ఏ మందో, ఎన్ని పోయాయో డాక్టరుకు తెలుస్తుంది. “ఇప్పుడు బాగానే ఆడుకుంటున్నాడు గదా, చూద్దాం” అని కూర్చోకూడదు. మొదటి కొద్ది గంటలలోనే మగత, గుండె దడ, ఫిట్సు, గుండె లయ తప్పడం, ఒకదాని వెంట ఒకటి రాగలవు. ఆసుపత్రిలో ఇ.సి.జి. తీసి గుండెను కనిపెట్టి వుంటారు. అవసరమైతే రక్తనాళం ద్వారా సోడియం బైకార్బొనేటు ఎక్కిస్తారు. వేళకు చేరిన ప్రాణాన్ని కాపాడే అవకాశం చాలా ఎక్కువ.

చూశారా, ఆ మాత్రలు గలేబులోకి ఎందుకు వెళ్ళాయి? సిగ్గు వల్ల. అదే కాళ్ళ మందు అయితే అలమారలో వుండేది. దాపరికం మాత్రను ఎవరికీ కనబడకుండా చెయ్యలేదు. పెద్దవారికి కనబడకుండా చేసి, పసివాడి చేతికి అందేటట్టు చేసింది. తాళం వెయ్యవలసింది మాత్రలకు గాని, మన నోటికి కాదు. ఈ ఉత్తరానికంతటికీ నా జవాబు ఈ ఒక్కమాటే. మిగిలినదంతా దాని వివరణ.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఇది పిచ్చిమందేనా?

ఈ కుటుంబపు మందులలో మొదటిది ‘ఇమిప్రమిన్’. స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో గైగీ అనే మందుల కంపెనీ దానిని తయారుచేసింది. వారు మొదట ఆశించినది వేరు. స్కిజోఫ్రేనియా అనే తీవ్రమైన మానసిక వ్యాధికి పనికివస్తుందేమో చూడమని మున్‌స్టర్‌లింగెన్ ఆసుపత్రిలోని రోలాండ్ కూన్ అనే డాక్టరుకు ఇచ్చారు. ఆ వ్యాధికి అది పనికిరాలేదు. కాని 1956 జనవరిలో, బాగా దిగులుతో కుంగిపోయి వున్న ఒక స్త్రీకి ఆయన దానిని ఇచ్చి చూశారు. కొద్ది రోజులలోనే ఆమెలో మార్పు కనిపించింది. మరికొందరికి ఇచ్చి, ఫలితాలను 1957లో ప్రకటించారు. అంటే, మీరు ‘పిచ్చి’ అని ఏ వ్యాధిని అనుకుంటున్నారో, దానికి పనికిరాదని తేలిన తరువాతే ఈ మందుకు పేరు వచ్చింది! అమిట్రిప్టిలిన్ దాని వెనుక వచ్చిన చెల్లెలు. అమెరికాలో 1961లో వాడకానికి అనుమతి పొందింది. నార్‌ట్రిప్టిలిన్, క్లోమిప్రమిన్, డోక్సెపిన్, డోసులెపిన్ కూడా ఈ ఇంటివే. రసాయన నిర్మాణంలో మూడు వలయాలు పక్కపక్కన అతుక్కుని వుంటాయి కనుక అన్నింటినీ కలిపి ‘ట్రైసైక్లిక్’ మందులంటారు.

దిగులు జబ్బు పిచ్చి కాదు. బద్ధకం అంతకన్నా కాదు. చక్కెర వ్యాధి లాగా అదీ ఒక వ్యాధి. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అత్యవసర మందుల జాబితాలో అమిట్రిప్టిలిన్ వున్నది. మన దేశపు జాబితాలోనూ వున్నది. ఇందులో నామోషీ ఏమున్నది?

రెండవ ప్రశ్న. ఒకే మందు రెండు జబ్బులకు ఎలా?

ఇది కొత్త సంగతి కాదు. ఆస్పిరిను తలనొప్పికి వేసుకుంటాం. అదే ఆస్పిరిను చిన్న మోతాదులో గుండెజబ్బు వారికి రోజూ ఇస్తారు. మన సర్పగంధి వేరును మన వైద్యులు ఉన్మాదానికి వాడేవారు. అదే వేరు రక్తపు పోటును తగ్గిస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిషు వైద్య పత్రికలో రాసిన తరువాత, రక్తపు పోటు మందుగా ప్రపంచమంతా వాడింది. రక్తపు పోటుకు ఆ మందు మింగినవారిని ఎవరూ పిచ్చివారని అనలేదు గదా!

మన శరీరంలో ఒక నరకణం నుంచి మరొక నరకణానికి కబురు పోవడానికి కొన్ని రసాయనాలు వున్నాయి. కబురు చెప్పడం అయిపోగానే మొదటి కణం ఆ రసాయనాన్ని తిరిగి తనలోకి పీల్చుకుంటుంది. ఈ మందు ఆ పీల్చుకోవడానికి అడ్డు పడుతుంది. దానితో కబురు కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. మెదడులో మనసుకు సంబంధించిన చోట ఈ పని జరిగితే, క్రమేణా దిగులు తగ్గుతుంది. వెన్నుపాములో జరిగితే, కాళ్ళ నుంచి పైకి వచ్చే నొప్పి కబుర్లను అణిచే శక్తి పెరుగుతుంది. చక్కెర వ్యాధివల్ల దెబ్బతిన్న నరాల మంటకూ, సర్పి తగ్గిపోయాక మిగిలే సలుపుకూ, పార్శ్వపు నొప్పి మాటిమాటికీ రాకుండా వుండడానికీ దీనిని వాడడం ఇందువల్లనే. నొప్పికి సాధారణంగా చిన్న మోతాదు చాలు. దిగులుకు ఎక్కువ మోతాదు కావాలి. కనుక మీ అత్తగారి 10 మిల్లీగ్రాములు, అమ్మాయి 75 మిల్లీగ్రాములు, రెండూ సరైన లెక్కలే. ఒకరి అట్టలోవి ఇంకొకరు వేసుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది.

పెద్ద పిల్లలు పక్క తడిపే అలవాటుకు కూడా ఇమిప్రమిన్‌ను 1960 నుంచి వాడుతూ వచ్చారు. అయితే ఇతర ఉపాయాలు ఫలించనప్పుడు, డాక్టరు చూసి, కొద్ది కాలం మాత్రమే. ఈ మాట చదివి ఎవరూ ఇంట్లోవున్న మాత్ర విరిచి పిల్లలకు పెట్టకండి. ఇది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు.

దిగులుకు ఇప్పుడు చాలామంది డాక్టర్లు ముందుగా కొత్తరకం మందులు ఇస్తారు. అవి పొరపాటున ఎక్కువైనా ఇంత ప్రమాదం వుండదు. అవి పడనప్పుడు, లేదా దిగులుతోపాటు నిద్రలేమి, నొప్పులు కూడా వున్నప్పుడు ఈ పాతమందు వైపు చూస్తారు. మీ అమ్మాయి విషయంలో జరిగినది అదే.

మూడవ ప్రశ్న. ఎన్నాళ్ళు?

మగత మొదటి రాత్రే వస్తుంది. నోరెండడం రెండోరోజుకు వస్తుంది. దిగులు తగ్గడానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కొక్కరికి ఆరు వారాలు కూడా పడుతుంది. అంటే ఇబ్బంది ముందు, సుఖం వెనుక. సరిగ్గా ఈ మధ్యలోనే మనవాళ్ళు “పనిచెయ్యలేదు” అని మానేస్తారు. మీ అమ్మాయి ఇప్పుడు సరిగ్గా ఆ గట్టు మీద వున్నది. ఇప్పుడు ఆపితే మూడు వారాల శ్రమ వృథా. తేరుకున్న తరువాత కూడా కనీసం ఆరు నెలలు కొనసాగించమని డాక్టర్లు చెబుతారు. మానవలసివచ్చినప్పుడు కొన్ని వారాలపాటు కొద్దికొద్దిగా తగ్గించి మానిపిస్తారు. ఒక్కసారిగా మానితే వికారం, తలనొప్పి, నిద్రపట్టకపోవడం, చిరాకు వస్తాయి. అది చూసి “అలవాటైపోయింది, బానిస అయిపోయింది” అనుకోకండి. సారాకు లాగా దీనికి యావ పుట్టదు. మీ అత్తగారు కూడా తనంతట తాను మళ్ళీ మొదలుపెట్టకుండా, ఇన్ని రోజులు మానేశానని డాక్టరుకు చెప్పి, ఆయన చెప్పినట్టు చెయ్యాలి.

ఇక జాగ్రత్తలు. ముందు అత్తగారి సంగతి.

ఈ మందు వేసుకున్నవారికి పడుకుని లేచినప్పుడు రక్తపు పోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. రాత్రి దొడ్లోకి వెళ్ళేటప్పుడు గబుక్కున లేవకూడదు. ముందు మంచం మీద కూర్చుని, పది లెక్కపెట్టి, అప్పుడు నిలబడాలి. దీపం వెలుగుతూ వుండాలి. ఈ వయసులో పడి తుంటి విరిగితే కాళ్ళ మంటే నయమనిపిస్తుంది. నోరెండిపోతే గుక్కెడు నీళ్ళు మాటిమాటికీ తాగాలి. అనకాపల్లి పక్కనే వున్నది గదా అని బెల్లంముక్క చప్పరించడం చక్కెర వ్యాధివారికి పనికిరాదు. ఈ మందు తీపి మీద యావ పెంచి, ఒళ్ళు కూడా పెంచుతుంది కనుక మరీ కనిపెట్టి వుండాలి. మలబద్ధకానికి ఆకుకూరలు, చోడి అంబలి మితంగా, నీళ్ళు ధారాళంగా. వేసవిలో దీనివల్ల చెమట తక్కువ పడుతుంది. ఒంటి వేడి బయటికి పోదు. మిట్టమధ్యాహ్నం చెరుకు తోట పనులు చూసి వస్తానని బయలుదేరకుండా ఆపండి.

కంటిలో నీటికాసుల జబ్బు వున్నవారు, ప్రొస్టేటు గ్రంథి పెరిగి మూత్రం కష్టమయ్యే మగవారు, ఇటీవల గుండెపోటు వచ్చినవారు, గుండె లయ తప్పినవారు, మూర్ఛలు వచ్చేవారు ఆ సంగతి ముందుగానే డాక్టరుకు చెప్పితీరాలి. ఇందులో కొందరికి ఈ మందు అసలు ఇవ్వరు. పెద్దవారికి ముందు ఒకసారి ఇ.సి.జి. తీయించడం మంచిది. సారా, బ్రాందీ దీనితో కలవకూడదు. దిగులుకు వాడే ఇతర మందులు, ట్రమడాల్ అనే నొప్పి మందు, మగత తెచ్చే జలుబు మాత్రలు దీనితో కలిస్తే చిక్కు. అందుకని కంటి డాక్టరుకైనా, పంటి డాక్టరుకైనా, పాత చీటీ తీసి చూపించాలి. దాచిన మందును ఏ డాక్టరు లెక్కలోకి తీసుకోగలడు? మగతగా వున్నన్నాళ్ళు మోటారు సైకిలు నడపడం కూడా మానాలి.

అమ్మాయి సంగతి ఇంకా జాగ్రత్తగా వినండి. ఇరవై నాలుగేళ్ళ లోపువారిలో, దిగులు మందులు మొదలుపెట్టిన తొలి వారాలలో చనిపోవాలనే ఆలోచనలు కొందరికి పెరగవచ్చునని అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరిక ముద్రింపించింది. 2004లో పిల్లల విషయంలో, 2007లో ఈ వయసు వరకు. దీని అర్థం మందు మానెయ్యమని కాదు. మనిషిని ఒంటరిగా వదలవద్దని. మనసు తేలికపడక ముందే ఒంట్లోకి కొంచెం ఓపిక రావచ్చు. ఆ నడిమి రోజులలో ఇంట్లోవారు తోడుండాలి. కొత్తగా అశాంతి, అస్తమానం తిరగడం, చావు మాటలు వినబడితే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. దీనికి వ్యతిరేకంగా, హఠాత్తుగా అతి ఉత్సాహం, నిద్ర లేకపోయినా అలసట లేకపోవడం, తెగని మాటలు కనబడినా చెప్పాలి. “చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?” అని మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి. పుట్టదు. చాలామందికి ఆ ప్రశ్నతోనే గుండె బరువు దిగుతుంది. మాత్రలు కూడా వారానికి సరిపోయేవే తెచ్చుకుని, ఏ రోజువి ఆ రోజు మీ చేత్తో ఇవ్వండి. దానిని కాపలాగా కాక, కాఫీ ఇచ్చినట్టు ఇవ్వండి.

అర్ధరాత్రి భయం వేస్తే 14416 అనే నంబరుకు ఫోన్ చెయ్యవచ్చు. ‘టెలి మానస్’ పేరుతో కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించినది. ఖర్చు లేదు. తెలుగులో మాట్లాడతారు. చోడవరం 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చినా, పెద్ద వైద్యానికి మీ చూపు విశాఖ వైపే గదా. అక్కడ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి వున్నది. ఆ పేరు ఎత్తగానే మన ప్రాంతంలో గొంతు తగ్గించి మాట్లాడతారు. అక్కడికి వెళ్ళిన ప్రతివారినీ లోపల ఉంచుకోరు. బయటి రోగులుగా చూపించుకుని, మందు తీసుకుని, సాయంత్రం బస్సుకు ఇంటికి వచ్చేవారు ఎందరో.

చివరి ప్రశ్న, పెళ్ళి సంగతి. “పెళ్ళి చేస్తే అంతా అదే సర్దుకుంటుంది” అనేమాట మీ ఇంట్లో ఎవరైనా అన్నారా? అంటే, ఒప్పుకోకండి. పెళ్ళి దిగులు జబ్బుకు వైద్యం కాదు. ముందు అమ్మాయి తేరుకోవాలి. తేరుకున్న తరువాత చేసుకుంటానని తాను అంటే, నిక్షేపంగా చెయ్యండి. తన వైద్యం సంగతి ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే హక్కు తనది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా రోగి గుట్టును కాపాడమనే చెబుతున్నది. వీధికంతా చాటవలసిన పని లేదు. కాని జీవితాంతం కలిసి వుండవలసిన వరుడికి, అమ్మాయి ఇష్టంతో, నిశ్చయ తాంబూలాలకు ముందే చెప్పడం మంచిదని నా అభిప్రాయం. చెప్పకుండా చేస్తే ఏమవుతుంది? కొత్త ఇంట్లో మాత్రలు మళ్ళీ గలేబులోకి వెళతాయి. లేదా పెళ్ళి హడావిడిలో హఠాత్తుగా ఆగిపోతాయి. జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు తెలిసిన నిజానికి ‘మోసం’ అని పేరు వస్తుంది. ముందు చెప్పిన నిజానికి ఆ పేరు రాదు. రేపు గర్భం ధరించాలనుకున్నప్పుడు కూడా ఎవరికీ చెప్పకుండా మందు ఆపెయ్యడం గాని, అలాగే మింగడం గాని చెయ్యకుండా డాక్టరుతో మాట్లాడవలసి వుంటుంది. తెలియని భర్త ఆ గదిలో తోడు ఎలా కూర్చుంటాడు?

మీ ఊరి స్వయంభూ విఘ్నేశ్వరుడికి మొక్కుకున్నామని రాశారు. మంచిదే. ముడుపు కట్టండి, మాత్ర కూడా ఇవ్వండి.

మీ అత్తగారికి ఈ పేజీ చదివి వినిపించండి. ఆవిడ కాళ్ళ మంట, కూతురి మనసులోని మంట, రెండూ నరాల బాధలేనని, రెండింటికీ ఒకే ఇంటి మందు వచ్చిందని చెప్పండి. రేపు రాత్రి భోజనాలయ్యాక, పెట్టె తాళం తీసి, తల్లికి తల్లిది, కూతురికి కూతురిది, అందరి ఎదుటా మీరే ఇవ్వండి. తల్లి డాక్టరును అడిగి మొదలుపెడితే కూతురు మానదు. ఆరు వారాల తరువాత ఎలా వున్నదీ ఒక కార్డుముక్క రాయండి. మీ ఆడపడుచు త్వరలో కోలుకోవాలని నా ఆశీస్సులు.